జేజినాయన పాళీ

మా జేజినాయన దస్తావేజు లేఖరి. కర్నూలు రిజిస్ట్రార్ ఆఫీసు బయట ఒక చాప, ముందర ఏటవాలు రాతపెట్టె, పక్కన ఇంకుబుడ్డి. అదే ఆయన కొలువు. 1953 నుంచి 56 దాకా కర్నూలు రాజధానిగా ఉన్న ఆ మూడేళ్లూ ఆయనకు అన్నం తినే తీరిక కూడా ఉండేది కాదని మా జేజి చెప్పేది. ఆయన పోయాక పెన్నూ కళ్లజోడూ ఒక ట్రంకుపెట్టెలో చేరాయి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డప్పుడు పాతబస్తీలో మా ఇంటితో పాటు ఆ పెట్టే మునిగింది. నీళ్లు తగ్గాక దాన్ని ఎండబెట్టి అటక మీదికి ఎక్కించేసి మళ్లీ ఎవరమూ తెరవలేదు.

నాలుగేళ్ల కిందట అటక దులుపుతుంటే ఆ పెన్ను చేతికొచ్చింది. లావుగా, నల్లగా, జేబుకు తగిలించే క్లిప్పు ఊడిపోయి ఉంది. మూత రాలేదు. నానితే వస్తుందనుకొని రాత్రంతా గోరువెచ్చని నీళ్లలో వేశాను. పొద్దున చూస్తే నల్ల పెన్ను కాస్తా ఎండిన తుమ్మబెరడు రంగుకు తిరిగింది. గుండె జారిపోయింది.

వన్ టౌన్‌లో గడియారాలు, పెన్నులు బాగుచేసే ఒక పెద్దాయన బంకు ఉంది. అందరూ చాచా అంటారు. చేతిలోకి తీసుకున్న మరుక్షణమే, "నీళ్లలో వేసినావా బేటా? దీనికి నీళ్లు పడవు" అన్నాడు. పెన్నును బొటనవేలితో గట్టిగా రుద్ది నా ముక్కు దగ్గర పెట్టాడు. అగ్గిపుల్ల గీసినట్టు గంధకం వాసన. అది ఎబొనైట్. రబ్బరులో గంధకం కలిపి ఉడికించి గట్టిపరిచిన పదార్థం. ఏళ్ల తరబడి వెలుతురూ గాలీ తగిలిన ఎబొనైట్‌ను నీళ్లలో, అందులోనూ వెచ్చటి నీళ్లలో నానబెడితే నలుపు పోయి గోధుమ రంగు తేలుతుంది. ప్లాస్టిక్ రుద్దితే ఈ వాసన రాదు. ఇప్పుడు పాత పెన్ను ఏది చేతికొచ్చినా నేను మొదట చేసే పని ఇదే.

చాచా తొందరపడలేదు. పొడిగుడ్డతో మూతను రుద్ది రుద్ది వెచ్చబరిచాడు. రెండు సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి, ఒక చేత్తో మూత, ఇంకో చేత్తో గొట్టం పట్టుకొని మెల్లగా తిప్పాడు. రాలేదు. మళ్లీ రుద్దాడు. ఐదోసారో ఆరోసారో 'కిర్రు'మంది. గొట్టం కూడా విప్పి కాగితం మీద తట్టితే గోరంత మట్టి రాలింది. మెత్తటి, బూడిదరంగు ఒండ్రు. అన్నేళ్లుగా తుంగభద్ర ఆ పెన్నులో ఉండిపోయింది. ఆ మట్టిని పొట్లం కట్టి ఇంటికి తెచ్చుకున్నాను.

పాళీని, అంటే నిబ్బును, దాని కింద నాలుకలా ఉండి ఇంకు అందించే ఫీడ్‌ను బయటికి తీసి చూస్తే నల్లటి ఇంకు పెచ్చుకట్టి ఉంది. ఆ కాలపు బ్లూబ్లాక్ ఇంకుల్లో ఇనుప లవణాలు ఉండేవి. కాగితంలోకి దిగి, ఆరేకొద్దీ నల్లబడి, చెరిపినా పోవు. దస్తావేజులకు కావలసింది అదే. పాళీకి మాత్రం చెరుపు. ఎప్పటికప్పుడు కడగకపోతే మామూలు ఉక్కు పాళీని తినేస్తాయి.

"మొన అరిగింది బేటా. కొత్త పాళీ వేస్తా, లేదంటే నూరి సమం చేస్తా" అన్నాడు చాచా. భూతద్దంలో చూపించాడు. రెండు చీలికల్లో ఎడమవైపుది ఏటవాలుగా అరిగిపోయింది. ఎందుకో ఒప్పుకోబుద్ధి కాలేదు. అలాగే ఉంచమన్నాను.

ఇంట్లో బల్ల దగ్గర కూర్చుని రాస్తే 'అ' ఒంపు తిరిగే చోటల్లా గీరింది, ఇంకు ఆగిపోయింది. నాయన చూస్తూ చూస్తూ, "కుర్చీలో కాదురా. కింద కూచో. ఆయన మోకాలి మీద పెట్టె పెట్టుకొని, పెన్ను బాగా వాల్చి, కొంచెం ఎడమకు తిప్పి రాసేటోడు" అన్నాడు. కింద కూర్చున్నాను. మా పాప పరీక్ష అట్టను మోకాలి మీద పెట్టుకొని, పెన్ను వాల్చి, కొద్దికొద్దిగా ఎడమకు తిప్పుతూ పోయాను. ఒకచోట చప్పుడు ఆగిపోయింది. గీరడం లేదు. నూనె పూసినట్టు జారుతోంది. నాయన నోటికొచ్చింది చెప్పాడు, నేను రాశాను: "క్రయ దస్తావేజు." వేల పత్రాలు రాసి ఆయన చేయి ఆ లోహాన్ని ఏ వాలుకు అరగదీసిందో, నా చేయి ఆ వాలుకు వచ్చినప్పుడే అది పలికింది. నేను పాత పెన్నులు పోగుచేయడం మొదలుపెట్టింది ఆ సాయంత్రమే.

రెండో పెన్ను మాత్రం డబ్బుపెట్టి నేర్చుకున్న పాఠం. పార్కర్ 51 మీద మనసుపడ్డాను. 1941లో మార్కెట్లోకి వచ్చిన పెన్ను అది. పాళీ దాదాపు మొత్తం తొడుగు కింద దాగి, కొన మాత్రమే కనబడుతుంది. 1948 నుంచి వచ్చిన రకంలో ఇంకు సంచి చాలా గట్టిది, దశాబ్దాలు గడిచినా పనిచేస్తుంది. అందుకే కొత్తవాళ్లకు అది మంచిదని నా అభిప్రాయం. ఫోన్లో ఫొటోలు చూసి 3,500 రూపాయలు పంపాను. వచ్చింది చూస్తే మూత ఇంకో పెన్నుది, మొన మీద ఉండాల్సిన గట్టి లోహపు గుండు ఊడిపోయింది. అమ్మినవాడు మళ్లీ ఫోనెత్తలేదు. పాళీ మొనను దగ్గర్నుంచి తీసిన ఫొటో, మూత విప్పి తీసిన ఫొటో, ఒక గీత గీసి చూపిన కాగితం, ఈ మూడూ లేకుండా అప్పటినుంచి రూపాయి కూడా పంపలేదు.

కర్నూలు ఎండ సంగతి వేరే చెప్పాలి. ఫిల్లర్‌తో గొట్టంలోకి నేరుగా ఇంకు పోసే పెన్ను మే నెలలో కక్కుతుంది. ఇంకు తగ్గేకొద్దీ లోపల గాలి పెరుగుతుంది. చేతి వేడికి, ఎండ వేడికి ఆ గాలి ఉబ్బి ఇంకును పాళీలోంచి తోసేస్తుంది. సగానికి రాకముందే మళ్లీ నింపుకోవాలి, జేబులో పాళీ పైకి ఉండేట్టు పెట్టుకోవాలి. గొట్టం మర బిగించే చోట సిలికాన్ గ్రీజు పూస్తే అక్కడ కారదు. డ్రాయింగ్ ఇంకు మాత్రం ఎప్పుడూ పోయవద్దు. ఎండితే లోపలే గడ్డకడుతుంది.

రాజమండ్రి వెళ్లి రత్నం పెన్ను ఒకటి తెచ్చుకున్నాను. కె.వి. రత్నం గారు పంపిన స్వదేశీ పెన్ను అందుకొని గాంధీ 1935లో ఆయనకు జాబు రాశారు. పాతది కాకపోయినా ఎబొనైట్ పెన్ను ఎలా చేస్తారో తెలిసినవాళ్లతో మాట్లాడటం నాకు చాలా ఉపయోగపడింది.

ఇప్పుడు పదకొండు ఉన్నాయి. పన్నెండోది నాది కాదు. నంద్యాలలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారి షీఫర్ అది. పక్కన మీట ఎత్తితే లోపలి రబ్బరు సంచి నొక్కుకొని, వదిలితే ఇంకు పీల్చుకునే రకం. సంచి ఎండి పెంకులైపోయింది. అమ్మనన్నారు. "బాగుచేసి తీసుకురా నాయనా, మా తమ్ముడికి ఒక ఉత్తరం రాయాలి" అన్నారు. పాత పెంకులు గీకి తీసి, కొత్త సంచి కోసి, లక్క పూసి నిన్న పొద్దున అతికించాను. ఒక రోజంతా ఆరాలి. ఇందాక పాళీ ఇంకులో ముంచి మీట ఎత్తితే బుడగలు వచ్చాయి, వదిలితే ఇంకు పీల్చుకుంది. పాళీ తుడిచి కాగితం మీద ఒక గీత గీశాను, తెగకుండా వచ్చింది. రేపు పొద్దున నంద్యాల బస్సు ఎక్కాలి.