పట్టా పలికిన చోటు, పలకని చోటు

జనవరి, మంగళవారం. రాత్రి తొమ్మిదిన్నర.

పొద్దున ఏడింటికి లైను మీదకు వెళ్లేసరికి ఖమ్మం ఇవతల ఇంకా మంచు విడవలేదు. రైలు పట్టా మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. చలికాలమంతా నాకు లోపల ఒక బెదురు ఉంటుంది. కిలోమీటర్ల పొడవున వెల్డ్ చేసిన పట్టా చలికి కుదించుకుపోవాలని చూస్తుంది. పట్టా కింద అడ్డంగా ఉండే స్లీపర్లు, వాటికి దాన్ని బిగించే క్లిప్పులు దాన్ని కదలనివ్వవు. ఆ లాగుడంతా పట్టానే భరించాలి. లోపల చిన్న పగులు ఉంటే అది నోరు తెరిచేది ఈ రోజుల్లోనే.

ఆ పగుళ్లను శబ్దంతో వెతకడమే నా పని. అందుకు వాడే మిషన్ ఒక తోపుడు బండి మీద ఉంటుంది. మొదటి అరగంట ఆ మిషన్ సరిచూసుకోవడానికే పోయింది. కొలత తెలిసిన రంధ్రాలు వేసి పెట్టుకున్న పట్టా ముక్క ఒకటి మా దగ్గర ఉంటుంది. శబ్దాన్ని పంపి, తిరిగి వచ్చినదాన్ని పట్టే ప్రోబ్‌లు ఆ రంధ్రాలను సరిగ్గా చూపిస్తేనే ఆ రోజు బండి ట్రాక్ ఎక్కుతుంది. ఈ పని తొందరగా ముగించమని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

పోయిన నెలలో చేరిన కుర్ర ట్రాక్‌మన్ ఈ రోజు మాతో వచ్చాడు. నీళ్ల క్యాన్ మోస్తూ కాసేపు స్క్రీన్ వంక చూసి, "సార్, చప్పుడుతో చూస్తది అన్నరు. నాకేం వినబడ్తలేదు" అన్నాడు. మంచి మాట అడిగాడు. మన చెవి సెకనుకు ఇరవై వేల కంపనాల దాకానే వినగలదు. నిటారుగా కిందికి చూసే ప్రోబ్ పంపేది సెకనుకు 40 లక్షలు. ఆ శబ్దం ఉక్కులో సెకనుకు దాదాపు 5,900 మీటర్లు పోతుంది. మీటరుకు 60 కిలోలు తూగే ఈ పట్టా ఎత్తు 172 మిల్లీమీటర్లు. అంటే పైనుంచి బయల్దేరి అడుగును తాకి మళ్లీ పైకి రావడానికి, సెకనును పది లక్షల భాగాలు చేస్తే అందులో 58 భాగాలు చాలు. స్క్రీన్ మీద కుడివైపు నిలబడి కనిపించే ఆ గీతే పట్టా అడుగు.

"మరి గీ నీళ్లెందుకు సార్?"

గాలి వల్ల. ఉక్కు నుంచి గాలిలోకి శబ్దం దాదాపు అడుగుపెట్టదు, అంచు నుంచే వెనక్కి తిరుగుతుంది. ప్రోబ్‌కీ పట్టాకీ మధ్య వెంట్రుకంత గాలి పొర ఉన్నా ప్రోబ్ మూగబోతుంది. అందుకే నీళ్లు వదులుతూ పోతాం. పగులును పట్టించేది కూడా ఇదే గుణం. పగులులో ఉండేది గాలే కదా, శబ్దం దాన్ని దాటలేక అక్కడినుంచే తిరిగి వస్తుంది.

శబ్దంతో లోహాన్ని పరీక్షించవచ్చని 1928 ప్రాంతంలో సోవియట్ యూనియన్‌లో సోకొలోవ్ అనే ఆయన చెప్పాడు. ఆయన పద్ధతిలో శబ్దాన్ని ఒకవైపు పంపి అవతలివైపు పట్టుకోవాలి. స్లీపర్ల మీద కూర్చున్న పట్టా కిందికి ప్రోబ్ ఎలా పెడతాం? పంపిన వైపు నుంచే ప్రతిధ్వనిని పట్టే పరికరానికి అమెరికాలో ఫైర్‌స్టోన్ 1942లో పేటెంట్ పొందాడు. ఈ రోజు నేను తోసిన బండి ఆ ఆలోచన మీదే నడుస్తుంది.

తొమ్మిదిన్నరకు వంపు దగ్గర నిటారు ప్రోబ్ గీత ఒక్కసారిగా పడిపోయింది. వంపుల్లో చక్రాల అరుగుదల తగ్గడానికి గ్రీజు రాస్తారు. అది పట్టా తల మీదకు పాకితే నీళ్లు నిలవవు. నూటికి తొంభైసార్లు కారణం అదే అని అనిపిస్తుంది. అలా అనిపించడమే ప్రమాదం. వైరు బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడిచి, వెనక్కి వచ్చి మళ్లీ తోశాం. గీత తిరిగి లేచింది. ఇది పది నిమిషాల పని. "గ్రీజే కదా" అనుకుని ముందుకు పోయే అలవాటు నాకు ఎన్నడూ రాకూడదు. గీత పడిపోయిందంటే శబ్దం అడుగుదాకా చేరలేదన్నమాట. ఎందుకు చేరలేదో తెలిసేదాకా అక్కడినుంచి కదలను.

కుర్రాడికి ఇంకో సంగతి కూడా చూపించాను. నిటారు ప్రోబ్‌కు గీత ఉంటే క్షేమం. 70 డిగ్రీల ప్రోబ్‌కు గీత లేకపోతే క్షేమం. పట్టా తలలో అడ్డంగా వచ్చే పగులు నిలబెట్టిన కాగితం లాంటిది. పైనుంచి చూస్తే అంచు తప్ప ఏమీ కనబడదు. అందుకే ఏటవాలుగా ముందుకొకటి, వెనక్కొకటి శబ్దం పంపుతాం. దారిలో అడ్డం లేకపోతే అది తిరిగి రాదు.

పదకొండుకు అదే వచ్చింది. ముందుకు చూసే ప్రోబ్‌లో చిన్న గీత లేచి, బండి జరిగేకొద్దీ స్క్రీన్ మీద తానూ జరిగింది. జరగని గీతను అనుమానించవచ్చు గాని జరిగే గీత అబద్ధం చెప్పదు. చేతి ప్రోబ్‌తో రెండు వైపుల నుంచీ చూశాను. తలలో అడ్డ పగులే. వెంటనే మార్చాల్సినంత పెద్దది కాదు, కనిపెట్టి ఉండాల్సినది. పట్టా నడుము భాగం, అంటే వెబ్ మీద, రెండు వైపులా ఎర్ర రంగుతో ఒక్కొక్క ఇంటూ మార్కు వేయించాను. వెంటనే మార్చాల్సినదైతే మూడు వేసేవాళ్లం. కంట్రోల్ రూమ్‌కు చెప్పాను. రోజూ ఆ లైను వెంట నడిచి పట్టాలు చూసే కీమాన్ బాబాయ్ వచ్చి వంగి, రంగు ఆరేదాకా చూస్తూ ఉండిపోయాడు. "పైన గీత కూడా లేదు సార్. రోజూ దీని మీదికెళ్లే నడుస్తున్న" అన్నాడు. ఏం చెప్పాలో తెలియలేదు. "నువ్వు చూడలేనిది బాబాయ్, నీ తప్పేం లేదు" అన్నాను. రేపు అక్కడ పట్టాకు పక్కల దన్నుగా ఉండే ఇనుప పలక, జాగిల్డ్ ఫిష్‌ప్లేట్, బిగిస్తారు. అప్పటిదాకా ఆ చోటును కనిపెట్టి ఉండే బాధ్యత ఆయనదే.

రైలు వస్తే హెచ్చరించడానికి నిలబడ్డ లుక్‌అవుట్ మనిషి విజిల్ వేశాడు. బండి దింపి పక్కకు నిలబడ్డాం. ఎక్స్‌ప్రెస్ ఆ మార్కు మీదుగానే వెళ్లింది. ఒక్కో బోగీ దాటుతుంటే తెలియకుండానే ఊపిరి బిగబట్టాను. బ్రిటన్‌లో హాట్‌ఫీల్డ్ దగ్గర 2000 అక్టోబర్ 17న పట్టా 300కు పైగా ముక్కలైంది. నలుగురు చనిపోయారు. ఆ పట్టా పాడైందని అంతకు ముందే తెలుసు, మార్చడమే ఆలస్యమైంది. అది చదివిన దగ్గర్నుంచీ రంగు వేయడంతో నా పని అయిపోయిందని అనుకోలేకపోతున్నాను.

మధ్యాహ్నం నుంచి చెప్పుకోదగ్గదేమీ లేదు. కట్ట పక్కన ఎండబెట్టిన మిర్చి ఘాటుకు అందరం తుమ్ముతూ నడిచాం. మొత్తం ఆరు కిలోమీటర్లు అయింది.

ఇంటికి వచ్చి రిజిస్టర్ రాశాక, రాత్రి ప్యాట్రోలింగ్‌కు వెళ్లే అతనికి ఫోన్ చేసి కిలోమీటరు నంబరు మళ్లీ చెప్పాను. "బాబాయ్ రెండుసార్లు చెప్పిండు సార్" అన్నాడు. సరే, మూడోసారి కూడా రాసుకోమన్నాను.

వైరు బ్రష్ అరిగిపోయింది. రేపు స్టోర్‌లో కొత్తది తీసుకోవాలి.