విశాఖ రేవుకు ఏ పడవ తగును?

మా బావగారూ నేనూ కలిసి ఒక తెరచాప పడవ కొనాలని నిశ్చయించుకుని చాలా కాలమైంది. 35 నుంచి 38 అడుగుల పొడవుండి, నలుగురు వారం రోజులపాటు సముద్రం మీద వండుకుని తిని నిద్రపోవడానికి వీలైనది మాకు కావాలి. కిందటి నెల మలేషియాలోని లంకావికి వెళ్లి, అమ్మకానికి ఉన్న రెండు పాత పడవలను నాలుగు రోజులు చూసి వచ్చాం. ఒకటి ఇంగ్లండులో కట్టిన రస్లర్ 36, రెండోది ఫ్రాన్సులో కట్టిన బెనెటో ఓషియానిస్ 38.1.

రస్లర్ పాత తరహా పడవ. దాని కీల్, అంటే పడవను నిటారుగా నిలిపే అడుగు భాగం, వెన్నెముకలా పొడవునా సాగి, చివర చుక్కానిని మోస్తుంది. బరువు సుమారు 7,600 కిలోలు, వెడల్పు 3.35 మీటర్లు. విశ్రాంత నౌకాదళ కమాండర్ అభిలాష్ టామీ 2022లో మొదలైన, ప్రపంచాన్ని చుట్టివచ్చే గోల్డెన్ గ్లోబ్ పందెంలో ఒంటరిగా 236 రోజులు ప్రయాణించి రెండో స్థానంలో నిలిచింది రస్లర్ 36 మీదనే. ఓషియానిస్ ఇంతకంటె పొడవైనదైనా బరువు 7,000 కిలోల లోపే, వెడల్పు మాత్రం దాదాపు 4 మీటర్లు. దాని కీల్ పొట్టిగా, లోతుగా దిగిన ఇనుప రెక్క. ఆ రెక్కను బోల్టులతో అడుగుకు బిగిస్తారు. చుక్కాని దానికి దూరంగా, వెనుక విడిగా ఉంటుంది.

వేగం విషయంలో ఓషియానిస్‌దే పైచేయి. నీటిని తాకే పొడవు ఎంత ఎక్కువైతే పడవ అంత వేగంగా పోగలదు కనుక, లెక్క ప్రకారం రస్లర్ గరిష్ఠ వేగం 7 నాట్ల (గంటకు 7 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 13 కిలోమీటర్లు) దగ్గర ఆగితే ఓషియానిస్‌ది 8 నాట్ల వరకు వెళ్తుంది. అయితే విశాఖ నుంచి ఇప్పుడు శ్రీ విజయపురం అని పిలుస్తున్న పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు 1,200 కిలోమీటర్లు, అంటే దాదాపు 650 నాటికల్ మైళ్లు. సగటున ఒకటి 5 నాట్లు, మరొకటి 6 నాట్లు నడిచినా ప్రయాణంలో తేడా ఒక్క రోజు మాత్రమే. ఆ ఒక్క రోజు కోసం పడవను ఎంచుకోవడం నాకు సమంజసమనిపించలేదు. గాలి పలచబడే వేసవి రోజుల్లో బరువైన రస్లర్ కదలక, ఇంజను వేసి డీజిల్ కాల్చవలసి వస్తుందన్నది నిజమే, దాన్ని నేను కాదనను.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది పడవ ప్రయాణించే సముద్రం కాదు, అది ఏడాదిలో ఎక్కువ రోజులు ఉండే చోటు. కొచ్చిలో బోల్గట్టి దగ్గర ఉన్నట్టు మనకు మెరీనా, అంటే విహార పడవలు కట్టుకునే రేవు, లేదు. అడుగుకు పట్టిన గుల్లలు గీకి రంగు వేయాలన్నా, తుఫాను కాలానికి ముందు ఒడ్డుకు చేర్చాలన్నా మర పడవలను లాగే చోటికే వెళ్లాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను చూసినవాళ్లం కనుక ఆ నెలలో పడవను నీటిలో వదిలేసే ధైర్యం మాకు లేదు. ఫిషింగ్ హార్బర్‌లో పడవలు కట్టే ఒక పెద్ద మేస్త్రికి రెండింటి ఫొటోలూ చూపించాను. ఆయన ఓషియానిస్ కీల్ మీద వేలు పెట్టి, "బాబూ, ఇది ఒంటికాలి మీద నిలబడేది, దీనికి వేరే చట్రం కట్టాలి. ఆ పొడుగు అడుగున్నది మన పడవల్లాగే కూర్చుంటాది, పక్కన కర్రలు పోటు పెడితే చాలు" అన్నారు. ఆ మాటతో సగం నిర్ణయం అయిపోయింది.

వలల సంగతి కూడా ఉంది. భీమిలి ముందు రాత్రిపూట పడవ నడిపినవారికి నీటిమీద తేలే వలతాళ్లు ఎంత ప్రమాదమో తెలుసు. విడిగా ఉన్న చుక్కానికి తాడు చిక్కుతుంది. రస్లర్‌లో ప్రొపెల్లర్ కీల్‌కూ చుక్కానికీ మధ్య ఖాళీలో దాగి ఉంటుంది కనుక తాడు చాలావరకు కింద నుంచి జారిపోతుంది.

ఓషియానిస్ ఒకసారి ఇసుకదిబ్బను తాకిందని యజమాని తానుగా చెప్పారు. నేల పలక ఎత్తి టార్చి వేసి చూస్తే, వెనుక బోల్టు చుట్టూ తెల్లని పూతలో వెంట్రుకవాసి బీట, దాని అంచున తుప్పు చార కనిపించాయి. వేలితో తుడిస్తే చార చెరిగింది, బీట అలాగే ఉంది. 2014 మే నెలలో అట్లాంటిక్‌లో చీకీ రఫీకీ అనే పడవ కీల్ ఊడి తలకిందులై నలుగురు ప్రాణాలు కోల్పోయారు. గతంలో తేలికగా నేలను తాకినా లోపలి అతుకు బలహీనపడవచ్చని, అది పైకి కనిపించకపోవచ్చని దర్యాప్తు నివేదిక హెచ్చరించింది. ఆ బీట అంత తీవ్రమైనదని నేననను గాని, కీల్ విప్పి చూసే సదుపాయం లేని ఊరికి ఆ అనుమానాన్ని వెంట తెచ్చుకోలేను.

మా ఆవిడకు ఓషియానిసే నచ్చింది. విశాలమైన గదులు, గాలి వచ్చే కిటికీలు, వెనుక నుంచి సులువుగా ఎక్కే మెట్లు చూసి, మా అమ్మ కూడా ఎక్కగలరని ఆమె అన్న మాటలో న్యాయముంది. ఇరుకైన రస్లర్‌లో విశాఖ ఉక్కపోత గట్టిగానే తెలుస్తుంది. పైగా పొడుగు కీల్ వల్ల వెనక్కి నడిపేటప్పుడు అది చెప్పిన మాట వినదు. పడవలు కిక్కిరిసిన రేవులో అది చిన్న లోపం కాదు, నేర్చుకోవడానికి మాకు కొన్ని నెలలు పడుతుంది.

అయినా రస్లర్‌కే బేరం పెట్టాం. జనవరిలోనో ఫిబ్రవరిలోనో ఈశాన్య గాలి కుడిపక్క నుంచి వీస్తుండగా, పోర్ట్ బ్లెయిర్ మీదుగా దాన్ని ఇంటికి తేవాలని ఉద్దేశం. మాస్టును (తెరచాప స్తంభాన్ని) నిలబెట్టే తీగలు పాతబడ్డాయి, బయలుదేరకముందే మార్చాలి. ఆ ఖర్చును ధరలో తగ్గించమని నిన్న రాత్రి యజమానికి రాశాం.