బరంపురమంత దేశం, పాతిక మీటర్ల త్రో

2011 జనాభా లెక్కల్లో బరంపురం మూడున్నర లక్షల పైచిలుకు. ఐస్‌లాండ్ దేశం మొత్తం ఇప్పటికీ నాలుగు లక్షల లోపే. గేట్ బజార్, ఆస్కా రోడ్డు, గోసానినువాగావ్ అన్నీ కలిపి ఒక దేశమనుకోండి. ఆ దేశానికో ఆడవాళ్ల ఫుట్‌బాల్ జట్టు ఉందనుకోండి. ఆ జట్టు 2009 నుంచి ఒక్క యూరో (ఐరోపా దేశాల కప్పు) కూడా వదల్లేదు. 2009 ఫిన్లాండ్, 2013 స్వీడన్, 2017 నెదర్లాండ్స్, 2022 ఇంగ్లండ్, 2025 స్విట్జర్లాండ్, వరసగా ఐదు. ఐదోదానికి టికెట్టు ఎలా తెచ్చుకుందంటే 2024 జులై 12న సొంత రాజధాని రేక్యావిక్‌లో జర్మనీని 3-0తో కొట్టి. అంతకుముందు 2017 అక్టోబరులో జర్మనీకి వెళ్లి మరీ 3-2తో గెలిచొచ్చింది.

ఇంతవరకూ అందరూ చెప్పేదే. రెండో సగం మాత్రం ఎవరూ చెప్పరు. 2013లో నెదర్లాండ్స్ మీద 1-0తో గెలిచి క్వార్టర్‌ఫైనల్‌కు వెళ్లారు, అక్కడ స్వీడన్ 4-0తో ఇంటికి పంపింది. ఆ తర్వాత యూరో టోర్నీల్లో ఒక్క మ్యాచీ గెలవలేదు. 2017లో మూడూ ఓటమి, 2022లో మూడూ 1-1, 2025లో మళ్లీ మూడూ ఓటమి. ప్రపంచ కప్పు గడప తొక్కనే లేదు. అందుకని ఇది అద్భుతాల కథ కాదు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఆడపిల్లల జట్లను నడిపే పీఈటీ సార్లకు, మేడమ్‌లకు ఇందులో పనికొచ్చే ప్రశ్న ఒకటే: వాళ్ల ఆటలో ఏ ముక్క మనం ఎత్తుకోవచ్చు?

హాళ్లు మాత్రం ఎత్తుకోలేం. డిసెంబరులో రేక్యావిక్‌లో పగటి వెలుతురు నాలుగు గంటలే. గాలి, మంచు సరేసరి. అందుకే పూర్తి సైజు మైదానం పట్టేంత కప్పున్న హాళ్లు కట్టుకున్నారు. మొదటిది 2000లో కెఫ్లావిక్‌లో తెరిచారు. బడుల పక్కన కృత్రిమ గడ్డితో చిన్న మైదానాలు వందకు పైగా వేశారు. ఇక్కడ మంచు లేదు కానీ, ఏప్రిల్, మే నెలల్లో పది దాటాక నేల మీద కాలు పెట్టలేం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గోల్‌పోస్టుల ముందు బురద. మన హాలు మన గడియారమే. ఎండాకాలం పొద్దున్న ఐదున్నర నుంచి ఏడు, వానాకాలం బడి వరండాలో బంతి అదుపు, గోడకు పాసులు. హాళ్ల ఖర్చు చూసి నోరు వెళ్లబెట్టేవాళ్లు వాళ్ల రెండో ఖర్చు చూడరు. అక్కడ ఎనిమిదేళ్ల పిల్లకు నేర్పే మనిషి కూడా లైసెన్సు కోర్సు చేసి, జీతం తీసుకునే కోచే. నా లెక్కలో హాలు కన్నా ఆ జీతమే ఎక్కువ పని చేసింది.

పేర్ల సంగతి ఇక్కడే చెప్పేస్తే తర్వాత తికమక ఉండదు. దొత్తిర్ అంటే కూతురు. అది ఇంటిపేరు కాదు. తండ్రి పేరుకో, కొన్నిసార్లు తల్లి పేరుకో దొత్తిర్ చేరుస్తారు. జట్టు జాబితాలో ఇద్దరు గున్నర్స్‌దొత్తిర్‌లు కనిపిస్తే అక్కచెల్లెళ్లని తీర్మానించకండి. గున్నర్ అన్నది అక్కడ మన అప్పారావులాంటి పేరు. అందుకే అక్కడ ఎవరినైనా సొంత పేరుతోనే పిలుస్తారు. కెప్టెన్, బయర్న్ మ్యూనిక్ డిఫెండర్ గ్లోదీస్. 124 మ్యాచుల్లో 79 గోల్స్ కొట్టి 2019లో ఆపేసిన మార్గ్రేత్ లారా. 145 మ్యాచులాడిన సారా బ్యోర్క్. కాన్పు సెలవు నాటి జీతం తన ఫ్రెంచ్ క్లబ్బు ఎగ్గొడితే ఫిఫా దాకా వెళ్లి 82 వేల యూరోలకు పైగా రాబట్టుకున్నది ఈ సారా బ్యోర్కే. ఇక మనకు కావలసిన మనిషి స్వేయిందీస్ జేన్. కెఫ్లావిక్‌లో ఆ మొదటి హాలు తెరిచిన మరుసటి ఏడాది అదే ఊళ్లో పుట్టింది. తల్లిది ఘనా. ముందువరసలో ఆడుతుంది, పరుగు జోరు. ఆమె చేతి త్రో, అంటే పక్కగీత దాటిన బంతిని చేత్తో మైదానంలోకి విసరడం, మాత్రం సగం కార్నర్ కిక్కుతో సమానం.

2022 జులై 14, ఇటలీతో మ్యాచి. మూడో నిమిషంలో త్రో-ఇన్ దొరికింది. స్వేయిందీస్ వెనక్కి నడిచి, పరుగెత్తుకొచ్చి పెనాల్టీ బాక్సులోకి విసిరింది. ఇటలీ డిఫెండర్లు బంతిని బయటికి తోసెయ్యలేకపోయారు. అది కరోలీనా లేయా ముందు పడింది, ఒక్క తన్నుతో వల పైభాగంలో పెట్టేసింది. అంతకుముందు పాసుల నేత ఏమీ లేదు. గీత అవతలి నుంచి ఒక విసురు, బాక్సులో గందరగోళం, రెండో బంతి (మొదట ఎవరికో తగిలి జారిపడే బంతి) దగ్గర సిద్ధంగా ఉన్న మనిషి. మనం ఎత్తుకోవలసిన ముక్క ఇదే. ఖర్చు లేదు, హాలు అక్కర్లేదు.

ముందు కొలత. 68 మీటర్ల వెడల్పు మైదానంలో గోలు వెడల్పు 7.32 పోగా మిగిలినది సగం చేస్తే, పక్కగీత నుంచి దగ్గరి పోస్టుకు 30 మీటర్ల పైచిలుకు. గోల్ ఏరియా (గోలు ముందున్న చిన్న గడి) మూల పోస్టుకు ఇవతల 5.5 మీటర్లు, అంటే పక్కగీత నుంచి సుమారు 25 మీటర్లు. త్రో చేరాల్సింది ఆ మూలకే. అయితే మన బడి పడియాలు (మైదానాలు) 68 ఎక్కడుంటాయి? వెడల్పు 55 అయితే అదే మూలకు 18 మీటర్లు చాలు. హైస్కూల్ పిల్లల్లో 18 మీటర్లు విసిరేవాళ్లు ప్రతి బడిలో ఒకరిద్దరు దొరుకుతారు. ఎవరూ వెతకరు, అంతే. ముడులు వేసిన తాడుతో ముందు మీ మైదానం కొలవండి. తర్వాత పదిహేను మంది చేత తలా మూడు విసురులు విసిరించి, బంతి మొదట నేల తాకిన చోట సున్నం చుక్క పెట్టండి. దొర్లిన దూరం లెక్కలోకి రాదు. తరచూ తేలేదేమిటంటే, జట్టులో గట్టి పిల్ల కాదు, నడుము బాగా వంగే పిల్ల గెలుస్తుంది.

విసిరే పద్ధతికి వద్దాం. బంతి వెనకవైపు రెండు చేతులూ, బొటనవేళ్లు ఒకదానికొకటి దాదాపు తాకేలా, వేళ్లు విప్పార్చి పట్టుకోవాలి. నాలుగైదు అడుగుల పరుగు. చివరి అడుగు పొడుగ్గా వేసి ముందు కాలును ఆనకట్టలా బిగించాలి. పరుగులో వచ్చిన జోరంతా అక్కడ ఆగి నడుములోకి, భుజాల్లోకి, చివరికి వేళ్లలోకి పోతుంది. ముందు కాలు మోకాలి దగ్గర మెత్తబడితే జోరు నేలలోకి పోతుంది, బంతి పన్నెండు మీటర్ల దగ్గరే చతికిలబడుతుంది. నడుము విల్లులా వెనక్కి వంగాలి, మోచేతులు చెవుల పక్కనుంచే రావాలి, బంతి తల దాటి కాస్త ముందుకొచ్చాక వదలాలి. కోణం దగ్గర చాలామంది పొరబడతారు. 45 డిగ్రీలైతే ఎక్కువ దూరమని లెక్కల సారు చెప్తారు. చేత్తో విసిరేటప్పుడు కోణం పెంచేకొద్దీ వేగం తగ్గుతుంది కాబట్టి 30 డిగ్రీల దగ్గరే దూరం ఎక్కువ వస్తుంది. పైగా చదునుగా వెళ్లే బంతి గోల్‌కీపర్‌కు టైమివ్వదు. కొబ్బరిచెట్టెత్తు లేచిన త్రోను కీపర్ నింపాదిగా వచ్చి పట్టుకుంటుంది.

సాధనకు కిలో బరువున్న బంతి కావాలి. మెడిసిన్ బాల్ కొనలేకపోతే పాత ఫుట్‌బాల్లో బ్లాడర్ తీసేసి గుడ్డపీలికలు, కొంచెం ఇసుక కుక్కి, కిరాణా కొట్లో తూచి, చెప్పులు కుట్టే ఆయన చేత కుట్టించండి. అసలు బంతి 410 నుంచి 450 గ్రాములు, కాబట్టి కిలో దాటించొద్దు. బరువు బంతితో ఎనిమిది, మామూలు బంతితో పన్నెండు. వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం రెండు రోజులు ఎడం. పద్నాలుగు లోపు పిల్లలకు బరువు బంతి వద్దే వద్దు. భుజం ముందుభాగంలో పోటు అంటే ఆ వారం ఆపేయండి. ఓర్చుకోమన్నారో, సీజనంతా కూర్చోబెట్టాల్సి వస్తుంది.

ఫౌల్ త్రో అంటే బంతి అవతలి జట్టు చేతికి పోవడం. విసిరే క్షణంలో రెండు పాదాల్లోనూ కొంత భాగం గీత మీదో, గీత బయటి నేల మీదో ఆని ఉండాలి. పరుగెత్తి విసిరే పిల్లలకు వెనక కాలు లేచిపోతుంది, నూటికి తొంభై తప్పులు ఇవే. విరుగుడు చిన్నది: వెనక కాలి బొటనవేలితో మట్టి గీసుకుంటూ రమ్మనండి. విసిరాక నేల మీద గీత కనపడాలి, కనపడకపోతే కాలు లేచినట్టే. రెండో తప్పు కుడిచెయ్యే విసిరి ఎడమచెయ్యి ఊరికే తోడు వెళ్లడం. బంతి పక్కకు తిరుగుతూ పోతుంటే అదే గుర్తు. ఎదుటి మనిషి రెండు మీటర్ల దూరంలో ఉండాలి, ఉండకపోతే విసరకముందే రిఫరీకి చూపించండి. త్రో నుంచి నేరుగా బంతి అందుకుంటే ఆఫ్‌సైడ్ లేదు. ఈ ఒక్క మాటా చాలామంది పిల్లలకు తెలియక బాక్సు బయటే ఆగిపోతారు. ఎవరికీ తగలకుండా నేరుగా గోల్లోకి వెళ్తే మాత్రం గోలు కాదు, గోల్ కిక్.

మన దగ్గర ఇంకో చిక్కుంది. మేకపోతు ప్రైజు పెట్టే ఊరి టోర్నీల్లో జనం సున్నపుగీత మీదే నిలబడతారు, పరుగుకు చోటుండదు. మ్యాచికి ముందే రెండు పక్కలా ఐదు మీటర్ల ఎడంలో తాడు కట్టించమని అడగాలి. వాన రోజు తడిసిన బంతి వేళ్లలోంచి జారుతుంది. తువ్వాలు వాడొచ్చో లేదో రిఫరీని ముందే అడిగి, రెండు జట్లకూ అందేలా గీత బయట పెట్టండి.

బాక్సులో ఎవరెక్కడంటే, పొడుగు పిల్ల గోల్ ఏరియా దగ్గరి మూలన. ఆమె పని గోలు కొట్టడం కాదు, బంతిని తలతో వెనక్కి జారవిడవడం. ఆమె వెనక మూడడుగుల్లో ఒకరు. కీపర్ ఎదుట, తోయకుండా, దారికి అడ్డంగా ఒకరు. దూరపు పోస్టు వైపు పరుగు మీద వచ్చేది ఒకరు. బాక్సు అంచున ఇద్దరు, రెండో బంతి వీళ్లది. ఇటలీ మీద గోలు పుట్టింది ఇలాంటి రెండో బంతి నుంచే. సగం గీత దగ్గర ఇద్దరిని వదిలెయ్యాలి. అందరినీ బాక్సులోకి తోలితే బంతి బయటపడిన క్షణం అవతలివాళ్లకు ఖాళీ మైదానం దొరుకుతుంది. విసిరిన పిల్ల గీత దగ్గరే నిలబడి చూడకూడదు, లోపలికి రావాలి. బంతి చాలాసార్లు ఆమె వైపే తిరిగొస్తుంది.

ఇంత ఆయుధముండీ వాళ్లెందుకు గెలవలేకపోతున్నారంటే, త్రో పనిచేసేది అవతలి సగంలో ఉన్నప్పుడే. 2022 సెప్టెంబరులో ఉట్రెక్ట్‌లో నెదర్లాండ్స్‌తో డ్రా చేసుకుంటే చాలు, నేరుగా ప్రపంచ కప్పు. మ్యాచంతా వెనక్కి తగ్గి కాచుకున్నారు. 93వ నిమిషంలో నెదర్లాండ్స్ అమ్మాయి ఎస్మే బ్రుగ్ట్స్ గోలు కొట్టింది. తర్వాత పోర్చుగల్‌తో ప్లేఆఫ్‌లో రెండో సగంలో రెడ్‌కార్డు పడి, పదిమందితో అదనపు సమయం దాకా లాక్కొచ్చి 4-1తో ఓడారు. 2025లో ఫిన్లాండ్‌తో మొదటి మ్యాచిలో కడుపు పాడై గ్లోదీస్ సగం ఆట దగ్గరే బయటికొచ్చింది, కాసేపటికి హిల్దుర్ ఆంతోన్స్‌దొత్తిర్‌కు రెండో పసుపు కార్డు. ఓటమి 1-0తోనే. కానీ పెద్ద దేశానికి బెంచి మీద ఇంకో గ్లోదీస్ ఉంటుంది, వీళ్లకు ఉండదు. బ్లాకు స్థాయి జట్టుకూ ఇదే గతి. పదో తరగతి పరీక్షలకు ఇద్దరు, పెళ్లి చూపులకు ఒకరు పోతే వెన్నెముక పోయినట్టే. అందుకే త్రో విసిరే పిల్లలను ఇద్దరిని తయారు చేయండి, ఒకరు కుడి గీతకు, ఒకరు ఎడమకు.

ఆఖరి పది నిమిషాల్లో ఆధిక్యంలో ఉంటే సొంత సగంలో దొరికిన త్రోను మధ్యలోకి విసరనివ్వకండి, గీత వెంబడే ముందుకు. పోయినా గీత దగ్గరే పోతుంది, గోలు ముందు కాదు.

వాళ్ల మ్యాచులు చూడదలిస్తే గడియారం లెక్క సులువే. ఐస్‌లాండ్ ఏడాది పొడుగునా టైము మార్చదు, మనకన్నా ఐదున్నర గంటలు వెనక. అక్కడ సాయంత్రం ఏడంటే ఇక్కడ అర్ధరాత్రి పన్నెండున్నర. చూస్తూ కాగితం మీద మూడు గడులు గీసుకోండి: త్రో ఎక్కడ పడింది, మొదట ఎవరి తల తగిలింది, రెండో బంతి ఎవరికి దొరికింది. మూడో గడి మీ జట్టుకూ నింపి రెండు కాగితాలూ పిల్లలకు పక్కపక్కన పెట్టి చూపించండి.