డబ్ నుంచి పాప్‌కి: వింటున్న రికార్డుల చిట్టా

డబ్ (పాటని మిక్సింగ్ బోర్డు మీద విప్పి, గొంతూ వాయిద్యాలూ తీస్తూ, ఎకో కలుపుతూ తిరగ మిక్స్ చేసే జమైకా సంగీతం) వినడం దాదాపు ఒక కొలిక్కి వచ్చింది. ఇండస్ట్రియల్, అంటే యంత్రాల మోత, రొద లాంటి ధ్వనులతో అల్లే సంగీతం, సగంలో ఉంది. ఈ మధ్యే పాప్ రికార్డులు మళ్లీ బయటికి తీస్తే, అవి ఇదివరకటిలా వినిపించడం లేదు. మూడింట్లో ఏది ముందు వినాలి అంటే నా జవాబు డబ్. మిక్సింగ్ బోర్డు ముందు కూర్చున్న మనిషి కూడా వాయిద్యకారుడేనని చెవికి అక్కడే తెలుస్తుంది. ఆ తర్వాత మిగతా రెండింట్లోనూ ఆ చెయ్యి ఎక్కడ పడిందో పట్టుకోవచ్చు.

జతలుగా వినడం నా పద్ధతి. ముందు పాట, వెంటనే దాని డబ్. మధ్యలో వాల్యూమ్ ముట్టుకోను. జేకబ్ మిల్లర్ పాడిన ‘బేబీ ఐ లవ్ యూ సో’, దాని వెనకే అగస్టస్ పాబ్లో ‘కింగ్ టబ్బీ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్’: మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి జత నాకు దొరకలేదు. ఒకసారి బేస్ మాత్రమే వినండి. ఇంకోసారి ఏది ఎప్పుడు మాయమైందో చూడండి. మిల్లర్ గొంతు ముక్కగా వస్తుంది, ఎకోలో పడి సాగుతుంది, తెగిపోతుంది. పాట తెలిసిన చెవి ఆ తీసేసిన చరణాన్ని తనే పూర్తి చేసుకుంటుంది. అందుకే మూలం వినకుండా డబ్ వింటే సగం ఆనందం పోతుంది.

ఆ డబ్ మిక్స్ చేసిన కింగ్ టబ్బీ జమైకాలోని కింగ్‌స్టన్‌లో ఎలక్ట్రానిక్స్ రిపేరు చేసే మనిషి. చేతిలో ఉన్నవి నాలుగు ట్రాకులు (విడివిడిగా పెంచి తగ్గించగల రికార్డింగ్ వరసలు), బోర్డు మీద ఒక పెద్ద ఫిల్టర్ నాబ్. అది తిప్పుతుంటే కింది ధ్వనులు మెట్టు మెట్టుగా తెగిపోయి, హై-హాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) పల్చగా మిగులుతుంది. ఆ తిప్పుడు గుర్తుపట్టడం వచ్చాక అతని మిక్సుల్లో కళ్లు మూసుకుని అతని చేతిని చూడొచ్చు.

ఫోన్ స్పీకర్‌లో డబ్ పెట్టకండి, బేస్ అసలు ఉండదు. స్పీకర్లు గది మూలలో ఉంటే ఉత్త గుంయ్‌మనే మోతే, స్వరాలు విడివిడిగా తెలియవు. గోడకు కాస్త దూరంగా జరిపి, బేస్ బూస్ట్ తీసేయండి.

ఇండస్ట్రియల్‌లో త్రాబింగ్ గ్రిజిల్ ‘20 జాజ్ ఫంక్ గ్రేట్స్’ (1979) నుంచి లోపలికి వెళ్లడం తేలిక. ఐన్‌స్టుర్జెండె నొయ్‌బౌటెన్ ‘కొలాప్స్’ (1981)ని వాల్యూమ్ తగ్గించి, ఒక్కో వైపే వింటున్నాను. ఇనుము మోతకన్నా దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీయే నన్ను పట్టుకుంది.

మూడూ ఒకే చోట కలిసే పాట ఒకటుంది: ‘వార్మ్ లెదరెట్’. 1978లో డేనియల్ మిల్లర్ ‘ది నార్మల్’ పేరుతో చేసింది కరకు సింథ్ (ఎలక్ట్రానిక్ వాయిద్యం), భావం లేని గొంతు, అంతే. 1980లో గ్రేస్ జోన్స్ దాన్ని బహామాస్‌లో జమైకా రెగే జంట స్లై డన్‌బర్ డ్రమ్స్, రాబీ షేక్స్‌పియర్ బేస్‌తో పాడింది. అదే పాటకి నడుము వచ్చింది! ఈ రెండూ వెంటవెంటనే వినకపోతే ఈ చిట్టా చదివీ దండగే.

డిపెష్ మోడ్ ‘పీపుల్ ఆర్ పీపుల్’ (1984)కి డబ్ మనిషి ఏడ్రియన్ షెర్‌వుడ్ చేసిన మిక్స్ కూడా వినండి. నాకైతే అసలు పాటకన్నా అదే ఎక్కువ నచ్చింది. కానీ పాప్‌లో నా మనసు మాత్రం హ్యూమన్ లీగ్ ‘డేర్’ (1981) పాటల్ని మార్టిన్ రషెంట్ టేపు కోసి అతికించి తిరగరాసిన ‘లవ్ అండ్ డాన్సింగ్’ (1982) మీదే. గొంతులు చాలావరకు పోయాయి, అయినా పాటలు నిలబడ్డాయి. పాట గట్టిదో కాదో తేల్చడానికి నాకు అంతకన్నా పరీక్ష అక్కర్లేదు.

తర్వాతి జత మాసివ్ అటాక్ ‘ప్రొటెక్షన్’ (1994), మ్యాడ్ ప్రొఫెసర్ దాన్ని డబ్ చేసిన ‘నో ప్రొటెక్షన్’ (1995). రెండింట్లో పాటల వరస ఒకటి కాదు, పేర్లూ మారాయి. ఏ పాటకి ఏది డబ్ అన్నది ముందే కాగితం మీద రాసుకుని మొదలుపెడతాను.