“మీరు” అంటే కోపమా?

ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి నిన్న మెల్లగా అడిగింది: “నా మీద కోపమా? నెల రోజులైనా ఇంకా మీరు అంటున్నారు.” మనసు చివుక్కుమంది. నిజమే, మన ఇళ్లలో అలిగినప్పుడే “నువ్వు” కాస్తా “మీరు” అవుతుంది. అమ్మను నువ్వు అంటాం. చాలా ఇళ్లలో నాన్నను మాత్రం మీరు అంటాం. దేవుడినైతే “నువ్వే దిక్కు” అని ఏకవచనంలోనే వేడుకుంటాం. అందుకే “వచ్చారా” అనే మాటలో ఆమెకు దూరం వినిపించింది.

నాకు వినిపించేది వేరు. చిన్నప్పుడు మా ఊళ్లో పొలం పనికి వచ్చే ముసలాయనను, మనవడి వయసు పిల్లలు కూడా “ఒరేయ్” అని పిలిచేవారు. ఆయన తలవంచుకుని “అయ్యా” అనేవాడు. ఆ వంగిన తల నేటికీ కళ్ల ముందే ఉంది. అప్పుడు నేనూ ఆ పిల్లల్లో ఒకడిని. ఊహ తెలిశాక కూరగాయల బండి అబ్బాయినైనా, లిఫ్టు దగ్గర కాపలా ఉండే ఆయననైనా మీరు అనే పిలుస్తున్నాను. కొందరు గర్వం అంటారు, కొందరు నటన అంటారు. ఆ మాటలు బాధపెడతాయి కానీ, అలవాటు మానుకోను.

ఇదంతా ఆమెకు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత “అయితే మీరు అనే పిలవండి” అంది.