లాఖ్ కీ సరస్సు ఒడ్డున: మొయ్‌లర్గ్ రాజుల సీమలో

ఐర్లండ్‌లో, డబ్లిన్ కొనలీ స్టేషన్‌లో స్లైగో రైలెక్కితే రమారమి రెండున్నర గంటల్లో బాయిల్‌లో దిగుతాం. రాస్‌కామన్ కౌంటీ ఉత్తరపు కొసన ఉన్న ఈ చిన్న ఊరి చుట్టుపక్కలే ఒకప్పటి మొయ్‌లర్గ్ రాజ్యం. పదో శతాబ్దం నుంచి పదహారో శతాబ్దం చివరి దాకా దీన్ని ఏలినవాళ్లు మాక్‌డర్మట్‌లు. ఐర్లండ్ పడమటి సీమ కొనాక్ట్‌ను ఏలిన ఓకానర్లకు దాయాదులు. తమ మూలపురుషుడు మల్రూనీ కొనాక్ట్ గద్దె మీద హక్కు వదులుకుని, బదులుగా ఈ సీమ తీసుకున్నాడని వాళ్ల వంశచరిత్ర చెబుతుంది. ఆ గద్దె మీద ఎవరు కూర్చోవాలన్న తగువులో మాత్రం వాళ్ల మాట చాలాకాలం చెల్లింది. ఈ సీమంతా తిరిగి చూస్తే నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఇదే.

స్టేషన్ నుంచి బాయిల్ మఠానికి నడిచే వెళ్లొచ్చు. చలికాలంలో మూసేస్తారు కాబట్టి ఏప్రిల్, సెప్టెంబరు నెలల మధ్య వెళ్లడం మేలు. 1161లో సిస్టర్షియన్ అనే క్యాథలిక్ శాఖ సన్యాసులు ఇక్కడ స్థిరపడ్డారు. చర్చి పూర్తవడానికి దాదాపు అరవై ఏళ్లు పట్టింది. నడిమి హాల్లో నిలబడి ఇటూ అటూ చూడండి. దక్షిణం వైపు కమానులు గుండ్రంగా ఉంటాయి, ఉత్తరం వైపువి మొనదేలి ఉంటాయి. పని సాగుతుండగానే కట్టుబడి తీరు మారిపోయింది మరి. పడమటి స్తంభాల తలల దగ్గర కాసేపు ఆగాలి. చెట్ల మధ్య నిలబడ్డ బుల్లి మనుషులు, జంతువులు కనిపిస్తాయి. ఇలాంటి బొమ్మలు చెక్కకూడదన్నది ఆ సన్యాసుల నియమమే. అయినా ఇక్కడి శిల్పులు చెక్కారు. మాక్‌డర్మట్‌లు ఈ మఠానికి పోషకులు. వాళ్లలో కొనర్ అనే రాజు పన్నెండో శతాబ్దం చివర్లో రాజ్యం విడిచి ఇక్కడే సన్యాసం పుచ్చుకున్నాడు.

ఊరి నుంచి తూర్పుగా నాలుగు కిలోమీటర్లు వెళ్తే లాఖ్ కీ ఫారెస్ట్ పార్క్. ఒడ్డుకు దగ్గర్లో కోట ఉన్న దీవిని చూసి 'ఇదే మాక్‌డర్మట్ కోట' అని ఫొటోలు తీసుకుంటారు చాలామంది. ఆ గోడలు పందొమ్మిదో శతాబ్దంలో రాకింగ్‌హామ్ ఎస్టేట్ దొరలు అందం కోసం కట్టించినవి. 'రాక్' అని పిలిచే రాజుల అసలు కోట అదే దీవి మీద ఉండేది. 1187లో పిడుగు పడి అది తగలబడితే, రాజు భార్య దుబెస్సాతో సహా ఎందరో కాలిపోయారు, ఎందరో నీళ్లలో మునిగి చనిపోయారు.

1235లో రాక్ మీద జరిగిన ముట్టడిని పడవ మీద నుంచి చూస్తేనే బాగా అర్థమవుతుంది. సీజన్‌లో పార్కు రేవులో పడవలు దొరుకుతాయి. గాలి ఎక్కువైతే అలలు లేస్తాయి కాబట్టి పొద్దున్నే బయల్దేరాలి. మారిస్ ఫిట్జెరాల్డ్ నడిపిన ఆంగ్లో-నార్మన్ (ఇంగ్లండ్ నుంచి వచ్చి ఐర్లండ్‌ను ఆక్రమించినవాళ్ల) సేన ముందు పడవల మీద రాళ్లు రువ్వే యంత్రాలు ఎక్కించి దీవిని కొట్టింది. లాభం లేకపోయింది. అప్పుడు దగ్గర్లోని ఆర్డ్‌కార్న్ ఊళ్లో ఇళ్లు పీకి, ఆ చెక్కలతో తెప్పలు కట్టి, తేలడానికి కింద ఖాళీ పీపాలు బిగించారు. వాటికి నిప్పంటించి దీవి మీదికి తోలబోతుంటే లోపలివాళ్లు భయపడి లొంగిపోయారు. గెలిచినవాళ్లు అక్కడ కొంత సైన్యాన్ని కాపలా ఉంచి వెళ్లారు. కొన్నాళ్లకు ఆ సైనికుల్లో కొందరు బయటికి వెళ్లగానే, లోపలున్న మాక్‌డర్మట్ మనిషి ఒకడు తలుపు మూసేసి, రాక్‌ను తన రాజు కోర్మాక్‌కు అప్పగించాడు. కోర్మాక్ దాన్ని నిలుపుకోలేదు, కూలగొట్టించాడు. మళ్లీ శత్రువు చేతికి చిక్కితే సరస్సు మొత్తం వాళ్లదే అవుతుందని అతనికి తెలుసు.

ఇక్కడ గద్దె పెద్దకొడుక్కే దక్కాలన్న రివాజు లేదు. ఒకే ముత్తాత సంతతిలో సమర్థుడైన మగవాడెవడైనా పోటీకి దిగొచ్చు. అన్నదమ్ములు, పినతండ్రులు, వాళ్ల కొడుకులు కొట్టుకు చావడానికి కారణం అదే. ఓకానర్ల ఇంట్లోనూ అంతే. ఆ చీలికల్లోనే మాక్‌డర్మట్‌ల పలుకుబడి పెరిగింది.

దానికి సాక్ష్యం చూడాలంటే బాయిల్ నుంచి ఎన్61 రోడ్డు మీద దక్షిణంగా అరగంట పోయి, టల్స్క్ దాటాక కార్న్‌ఫ్రీ అనే రాళ్లదిబ్బ దగ్గరికి వెళ్లాలి. ఓకానర్ల పట్టాభిషేకాలు జరిగింది ఇక్కడే. చుట్టూ ప్రైవేటు పొలాలు, పశువులు. అడిగి లోపలికి వెళ్లి, గేట్లు మళ్లీ మూసి రావాలి. మంచి బూట్లు తప్పనిసరి. 1310లో ఇంకో మల్రూనీ మాక్‌డర్మట్, తాను పెంచిన ఫెలిమ్ ఓకానర్‌ను ఇక్కడే రాజును చేశాడు. ఫెలిమ్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. కొనాక్ట్ సీమను అతనికిచ్చి పెళ్లి చేసినట్టు ఆ తంతు నడిచిందని, అంతటి వైభవం అప్పటిదాకా ఎవరూ చూడలేదని ఏడాదివారీగా ఘటనలు రాసిపెట్టిన వార్షికచరిత్రలు రాశాయి. ఆరేళ్లకే, 1316లో, ఆథన్‌రై యుద్ధంలో ఫెలిమ్ చనిపోయాడు.

1585 ఒప్పందంతో రాజ్యం ఇంగ్లీషువాళ్ల కిందికి వెళ్లిపోయింది. అక్కడి పాలకుడు బ్రయన్ మాక్‌డర్మట్ ఆ తర్వాత కూడా, 1592లో చనిపోయేలోపు, లాఖ్ కీ వార్షికచరిత్రను లేఖకుల చేత రాయించాడు, కొన్ని పద్దులు స్వయంగా రాశాడు. 1014లో మొదలయ్యే ఆ గ్రంథం డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో భద్రంగా ఉంది. దాని ఇంగ్లీషు అనువాదాన్ని కార్క్ యూనివర్సిటీ వాళ్లు ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. పడవ ఎక్కే ముందు కనీసం 1187, 1235 పద్దులు చదువుకుని వెళ్లండి.