పాత నంబరు పోకుండా విదేశంలో ఇంటర్నెట్: నా అనుభవం

ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ ప్రయాణం ఖాయం కాగానే నన్ను పట్టుకున్న టెన్షన్ ఓటీపీల గురించే. కార్డుతో ఏం కొన్నా కోడ్ వచ్చేది నా పాత నంబరుకే. నా ఫోన్‌లో సిమ్ పెట్టే చోటు ఒక్కటే. అక్కడ దిగి లోకల్ సిమ్ వేసుకుంటే ఇంటర్నెట్ దొరుకుతుంది గానీ బ్యాంకు మెసేజ్‌లు ఆగిపోతాయి. పాత సిమ్ మీదే రోమింగ్ డేటా వాడాలంటే బిల్లు తలచుకుంటేనే భయం. అందుకే డేటాకి ఈసిమ్ (విడిగా కార్డు లేకుండా ఫోన్‌లోని చిప్‌లోకే ఎక్కించుకునే సిమ్), నంబరుకి పాత సిమ్ అనుకున్నాను.

ముందు *#06# డయల్ చేశాను. ఫోన్ గుర్తింపు నంబరైన ఐఎంఈఐతో పాటు ఈఐడీ అని, ఈసిమ్ చిప్‌కి ఉండే 32 అంకెల నంబరు కనిపించింది. అది ఉందంటే ఫోన్ ఈసిమ్ తీసుకుంటుంది. వాయిదాల మీద కొన్న ఫోన్ అయితే ఆపరేటర్ లాక్ (వేరే కంపెనీ సిమ్‌ని పనిచేయనివ్వని కట్టడి) ఉందేమో కూడా చూసుకోవాలి.

ప్లాన్ ఎంచుకోవడానికే ఎక్కువ సమయం పెట్టాను. 2017 జూన్ 15 నుంచి యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య అక్కడి సిమ్‌లకి అదనపు రోమింగ్ చార్జీలు లేవు. కానీ స్విట్జర్లాండ్ యూనియన్‌లో లేదు, ఆ నియమం దానికి వర్తించదు. అందుకని ప్లాన్ పేరులో 'యూరప్' అని ఉంటే సరిపోదని, దేశాల జాబితాలో స్విట్జర్లాండ్ పేరు కనపడేదాకా వెతికి మరీ కొన్నాను. మాతో వచ్చినావిడ ప్లాన్‌లో ఆ పేరు లేదు. జెనీవాలో సరిహద్దు దగ్గర ఫ్రాన్స్ టవర్ అందినంతసేపు ఆవిడ ఫోన్ పనిచేసింది. బెర్న్ వైపు వెళ్లేసరికి ఇంటర్నెట్ పూర్తిగా పోయింది, పాపం.

బయల్దేరక ముందే పాత సిమ్‌కి ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించాను. అది లేకపోతే ఆ సిమ్‌కి అక్కడ నెట్‌వర్కే దొరకదు, ఇక ఓటీపీ ఎక్కడిది? అక్కడికి వెళ్లి ఆన్ చేద్దామంటే ఆపరేటర్ యాప్‌లో లాగిన్ కావడానికీ ఓటీపీయే అడుగుతుంది. ఈసిమ్ కూడా బయల్దేరే ముందే, వైఫై మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఎక్కించాను. ఆ కోడ్ సాధారణంగా ఒక్కసారే పనిచేస్తుంది కాబట్టి మధ్యలో తెగిపోని కనెక్షన్ ఉండాలి.

పారిస్‌లో దిగాక ఈసిమ్‌కి సిగ్నల్ గీతలు నిండుగా వచ్చాయి, ఇంటర్నెట్ మాత్రం లేదు. ఎయిర్‌పోర్టు వైఫై మీద ఈసిమ్ కంపెనీ హెల్ప్ చాట్‌లో అడిగితే, ఫోన్ రీస్టార్ట్ చేయమని తప్ప ఏమీ చెప్పలేదు. చివరికి సెట్టింగ్స్‌లోనే జవాబు దొరికింది. నేను కొన్న ఈసిమ్ అసలు ఇంకో దేశపు ఆపరేటర్‌ది, ఫ్రాన్స్‌లో అదీ రోమింగ్‌లోనే ఉంటుంది. కాబట్టి ఆ లైన్‌కి డేటా రోమింగ్ ఆన్‌లో ఉండాలి, పాత సిమ్‌కి ఆఫ్‌లో ఉండాలి. అలా మార్చగానే మెసేజ్‌లు వరుసగా మోగాయి. ప్రాణం లేచొచ్చింది! 'డేటా స్విచింగ్' అనే ఆప్షన్ కూడా ఆఫ్ చేశాను. అది ఆన్‌లో ఉంటే ఈసిమ్ సిగ్నల్ తగ్గినప్పుడు ఫోన్ తనంతట తానే పాత సిమ్ డేటాకి మారిపోవచ్చు.

వాట్సాప్ పాత నంబరుతోనే నడిచింది. ఇంటివాళ్లతో మాటలన్నీ అందులోనే. బ్యాంకుకి మామూలు కాల్ చేయాల్సి వచ్చినప్పుడు ఈసిమ్ పనికిరాలేదు, అది డేటా మాత్రమే ఇచ్చే రకం. హోటల్ వైఫై మీద పాత సిమ్‌కి వైఫై కాలింగ్ పెట్టి మాట్లాడాను. దీన్ని విదేశాల్లో అందరు ఆపరేటర్లూ ఇవ్వరు, ఇచ్చినా చార్జీ ఎలా వేస్తారో ముందే కనుక్కోవడం మంచిది.

తిరిగొచ్చాక డేటాని పాత సిమ్‌కి మార్చి, ఈసిమ్ లైన్‌ని డిలీట్ చేయకుండా ఆఫ్ చేసి ఉంచాను. ఆ కంపెనీ అదే ఈసిమ్ మీద కొత్త ప్లాన్ వేసుకోనిస్తుంది, వచ్చే ప్రయాణానికి మళ్లీ కోడ్ స్కాన్ చేసే పని ఉండదు.